నెక్సాన్ ఈవీనా, హైరైడర్ హైబ్రిడ్డా? హైదరాబాద్–బెంగళూరు దారిలో రెండేళ్ల వాడకం తర్వాత

40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఈవీ ఒకటి, టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు చిన్న బ్యాటరీ, మోటారు ఉన్న బండి) ఒకటి. రెండూ 44వ నంబర్ హైవే మీద రెండేళ్లుగా తిరుగుతున్నాయి. టెస్టు కాగితంలో మొదటిదానికి రేంజి 465 కి.మీ., రెండోదానికి మైలేజీ లీటరుకు 27.97 కి.మీ. హైవే మీద నిజంగా చేతికొచ్చేది ఈవీకి 270 కి.మీ., హైబ్రిడ్‌కి లీటరుకు 19.

ఈవీలో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది స్పీడు. నలుగురితో, ఏసీ వేసుకుని, 90 మీద నిలకడగా పోతే వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగుతుంది. 110కి ఎక్కిస్తే 19. హైదరాబాద్ నుంచి కర్నూలు 215 కి.మీ. దూరం. 90లో వెళ్తే 20 శాతం మిగిలి కర్నూలు చేరతారు. 110లో వెళ్తే కర్నూలే అందదు.

కర్నూల్లో 80 శాతానికి ఎక్కించి అనంతపురం, అక్కడ మళ్లీ 80. ఆ పైన జాగ్రత్త. బెంగళూరు అనంతపురం కన్నా 550 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఆ ఎక్కుడుకే అదనంగా మూడు యూనిట్లు పోతాయి. అందుకే బాగేపల్లి దాటాక ఇంకో 20 నిమిషాలు ఆగడం మేలు. తిరుగు ప్రయాణంలో బాగేపల్లి దగ్గర ఆగక్కర్లేదు. 80 దాటాక చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, 100 దాకా కూర్చుంటే టైము దండగ. మొత్తం చార్జింగ్‌కి రెండుంపావు గంటలు. భోజనం, టీ అందులోనే కలుపుకుంటే హైబ్రిడ్ కన్నా గంటన్నర ఆలస్యం.

ఖర్చులో మాత్రం పోటీయే లేదు. మొదటి 40 యూనిట్లు ఇంటి కరెంటు, బయట ఎక్కించే 50 యూనిట్లు ఒక్కోటి పన్నుతో 24 రూపాయలు అనుకుంటే ఒకవైపు 1,600 లోపే. హైబ్రిడ్‌కి 30 లీటర్లు, లీటరు 107 లెక్కన 3,200.

ఇబ్బందంతా స్టేషన్ దగ్గరే. చార్జింగ్ కంపెనీ యాప్‌లో ఖాళీ అని ఉంటుంది, వెళ్తే గన్ను (బండికి తగిలించే కేబుల్ పిడి) పనిచేయదు. బయల్దేరే ముందే ఆ గన్ను మీద చివరిగా ఎప్పుడు చార్జ్ అయిందో చూడండి, ఈ రోజు జరిగి ఉంటేనే నమ్మండి. 60 కిలోవాట్ల మెషీన్‌కి రెండు గన్నులుంటే, పక్క బండి పెట్టగానే మీది 30కి పడిపోవచ్చు. చార్జింగ్ మొదలై పది సెకన్లలో ఆగిపోతే చాలాసార్లు తప్పు బండిది కాదు. కేబుల్ బరువుకి గన్ను కిందికి వాలి పిన్నులు సరిగా తగలవు. గన్నుని అరచేత్తో కింద నుంచి ఎత్తిపట్టి, లాక్ పడిన ‘టక్’ వినిపించేదాకా వదలకండి. మెషీన్ అసలు స్పందించకపోతే ఎర్ర బటన్ చూడండి, ఎవరో నొక్కి వదిలేసి ఉంటారు. కుడివైపు తిప్పితే పైకొస్తుంది. ఒకే కంపెనీ యాప్ మీద ఆధారపడకుండా కనీసం మూడు యాప్‌లలో డబ్బు వేసి ఉంచుకోవాలి.

హైబ్రిడ్‌కి ఈ తంటాలేవీ లేవు. 45 లీటర్ల ట్యాంకు నింపితే 850 కి.మీ. కానీ హైబ్రిడ్ గొప్పంతా సిటీ ట్రాఫిక్‌లోనే. బ్రేకు పడినప్పుడల్లా కరెంటు పుడుతుంది కాబట్టి అక్కడ 24, 25 ఇస్తుంది. బ్రేకే పడని హైవేలో బ్యాటరీకి పని తక్కువ, 92 హార్స్‌పవర్ ఇంజినే లాగాలి. నిండు లోడుతో ఎక్కుడులో గట్టిగా అరుస్తుంది. బ్యాటరీ వల్ల డిక్కీ 265 లీటర్లకు తగ్గింది, రెండు పెద్ద సూట్‌కేసులతో నిండిపోతుంది.

శ్రీశైలం లాంటి దారికి లెక్క మారుతుంది. ఆ దారిలో మన్ననూరు దగ్గరున్న అటవీశాఖ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. చార్జింగ్ ఆలస్యమైతే రాత్రంతా అక్కడే. నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, యాప్‌తో నడిచే చార్జర్‌ని లెక్కలోకి తీసుకోకండి. ముందే ప్లాన్ చేసుకోని ప్రయాణమైతే ఇక్కడికి హైబ్రిడ్డే. డ్యామ్ వైపు దిగేటప్పుడు హైబ్రిడ్ చిన్న బ్యాటరీ, ముప్పావు యూనిటే, ఇట్టే నిండిపోతుంది. తర్వాత ఇంజిన్ గుయ్‌మని తిరుగుతుంది. చెడిపోలేదు, బండి వేగాన్ని అదుపు చేస్తోంది. గేరు ‘బి’లో (ఇంజిన్‌తో వేగం తగ్గించే గేరు) వేసి, బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచకుండా అవసరమైనప్పుడే వాడండి. ఈవీలో రీజెన్ (బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీ నింపే ఏర్పాటు) 3లో పెడితే ఆ దిగుడులో బ్రేకుతో దాదాపు పనుండదు.

ఈవీలోనే వెళ్లాలంటే రాత్రి బసలో 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. పది గంటల్లో 28 యూనిట్లు ఎక్కుతుంది, ఉన్నదానికి కలిపితే తిరిగి రావడానికి సరిపోతుంది. సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే ప్లగ్గు వేడెక్కి కాలిపోవచ్చు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వెంట ఉంచుకోండి. చార్జర్ మీద ఎర్ర లైటు వస్తే మొదట అనుమానించాల్సింది ఎర్తింగ్‌నే. దాన్ని మోసం చేసే అడాప్టర్లు అమ్ముతారు, షాక్ కొడుతుంది, ముట్టుకోవద్దు. గది బుక్ చేసేటప్పుడే పార్కింగ్ దగ్గర ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందా అని ఫోన్లో అడగండి.