కౌంటీ జైల్లో ఉన్న మనవాళ్లకి ఆన్‌లైన్‌లో తిండి ప్యాక్ కొనేముందు ఇది చదవండి

మా పిన్ని కొడుకు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ట్రాఫిక్ కేసులో కోర్టు తేదీకి వెళ్లలేదు, దాని మీద వారెంట్ వచ్చింది, ఇంకో చిక్కు తోడైంది, మొత్తానికి 19 రోజులు కౌంటీ జైల్లో ఉన్నాడు (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). కేసు సంగతి లాయరుగారు చూసుకుంటున్నారు. నేను రాస్తున్నది వాడి తిండి గురించి, దాని కోసం నేను తెలియక పోగొట్టుకున్న డబ్బు గురించి. ఇలాంటివి మనవాళ్లు బయటికి చెప్పుకోరు, అందుకే ప్రతి ఇంటివాళ్లూ మొదటి నుంచీ అదే తప్పు చేస్తున్నారు.

వాడు పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టలేదు. రెండో రోజు ఫోన్ చేసి, "అక్కా, బ్రెడ్డు మధ్యలో గులాబీ రంగు ముక్క ఏదో పెట్టారు, పక్కనాయన్ని అడిగితే బొలోనీ అన్నాడు, మాంసమేనట, అది ఆయనకిచ్చేసి ఆయన ట్రేలో బీన్స్ తీసుకున్నా" అన్నాడు. పొద్దున్న నాలుగింటికి టిఫిన్, సాయంత్రం నాలుగున్నరకల్లా రాత్రి భోజనం, ఇక మర్నాడు తెల్లవారుజాము దాకా ఏమీ లేదు. ఇది ఆ జైలు ఒక్కదాని పద్ధతీ కాదు. రోజుకి మూడు పూటలు పెట్టాలి, రెండు భోజనాల మధ్య 14 గంటలు దాటకూడదు అన్న లెక్క చాలాచోట్ల ఉంది, వీళ్లు ఆ లెక్క లోపలే ఉన్నారు. ఇటు ఖమ్మం నుంచి పిన్ని రోజూ ఫోన్ చేసి "తింటున్నాడా" అన్న ఒక్క మాటే అడిగేది.

ఆ టెన్షన్‌లో నేను చేసిన మొదటి తప్పు, జైలు పేరు కొట్టి వెతికితే పైన వచ్చిన సైట్‌లో 64 డాలర్లు పెట్టి వెజిటేరియన్ కేర్ ప్యాక్ కొనేయడం. బొమ్మలో పీనట్ బటర్, టోర్టిల్లాలు, బీన్స్, ఓట్స్ ఉన్నాయి. వారం తర్వాత వాడికి అందిన సంచిలో బీఫ్ నూడుల్స్ ఎనిమిది ప్యాకెట్లు, ఎండు మాంసం కర్రలు రెండు, చిప్స్, మిఠాయిలు. అడిగితే స్టాక్ లేనప్పుడు అదే ధరకి వేరేవి పంపే హక్కు మాకుంది, ఆ షరతుకి మీరు టిక్ పెట్టారు, సంచి విప్పాక వాపసు లేదు అన్నారు. నిజమే, పెట్టాను, చదవలేదు. అలాంటి సంచికి జైల్లో మళ్లీ ఆర్డర్ కటాఫ్ రోజు, పంచే రోజు వేరు వేరుగా ఉంటాయి. ఈలోగా మనిషి విడుదలైపోతే ఆ సంచి ఏమవుతుందో కూడా ముందే అడగండి.

రెండోది కమిసరీ ఖాతా. కమిసరీ అంటే లోపలి కొట్టు, సబ్బు నుంచి నూడుల్స్ దాకా అక్కడే కొనాలి. నేను 50 డాలర్లు వేస్తే కార్డు మీద ఫీజు 6.95 అదనంగా పోయింది, అక్కడితో ఆగలేదు, మొదటి రోజు ఇచ్చిన బ్రష్షు, పేస్టు బాపతు, నర్సు చూసినందుకు ఫీజు అని అందులోంచే పట్టుకుని వాడికి మిగిల్చింది 27. బయట అర డాలరుకి దొరికే నూడుల్స్ లోపల 1.35. తిండి చాలక ఆకలైతేనే కొట్టు నడుస్తుంది, అందుకని నాకు ఈ రెండూ వేరుగా కనిపించవు. అలబామా రాష్ట్రంలో అయితే ఖైదీల తిండికి ఇచ్చిన డబ్బులో మిగిలింది షెరిఫ్‌లు, అంటే కౌంటీ జైలు నడిపే పోలీసు అధికారులు, సొంతానికి ఉంచుకునే పద్ధతే ఏళ్ల తరబడి ఉండేది. మోర్గాన్ కౌంటీ షెరిఫ్ గ్రెగ్ బార్ట్‌లెట్ మూడేళ్లలో సుమారు 2,12,000 డాలర్లు అలా మిగుల్చుకున్నాడని తేలి, ఖైదీలకి సరిగా పెట్టలేదని 2009లో ఫెడరల్ జడ్జి ఆయన్నే ఒక రాత్రి జైల్లో ఉంచారు.

ముందు చేయాల్సింది వేరే ఉంది, పైసా ఖర్చు లేదు. మతపరమైన ఆహారం కోసం లోపలున్న మనిషే తన చేత్తో రాసి ఇవ్వాలి, మా దగ్గర అది చాప్లిన్‌కి, అంటే జైల్లో మత విషయాలు చూసే ఆయనకి వెళ్లింది. ఖైదీల మతాచారాన్ని కాపాడే ఆర్‌లూపా (RLUIPA) అని 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం ఉంది, 2005లో సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుందని చెప్పింది, దాని ప్రకారం గట్టి కారణం లేకుండా ఇలాంటిది కాదనడం జైలుకి కష్టం. "నాకు మాంసం నచ్చదు" అని రాస్తే పక్కన పడేస్తారు, హిందువుని, నా మతాచారం ప్రకారం మాంసం, గుడ్డు తినను అని సూటిగా రాయాలి. మావాడు మొదటిసారి నోటితో అడిగి ఊరుకున్నాడు, ఆరు రోజులు దండగయ్యాయి. కాగితం ఇచ్చిన ఐదో రోజు నుంచి ట్రేలో బొలోనీ బదులు చీజ్, బీన్స్ వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లది మతం దారి కాదు, మెడికల్ వాళ్లకి రాసివ్వాలి, అది మొదటి రోజే చెప్పాలి, ఆగకూడదు.

డబ్బు వేయాలనుకుంటే షెరిఫ్ ఆఫీసు సొంత పేజీలో ఏ కంపెనీ పేరు ఉందో చూసి అందులోనే వేయండి, చాలాచోట్ల జైలు లాబీలో మెషిన్ ఉంటుంది, దాని ఫీజు ఎంతో పోల్చుకోండి. ఖాతాలో ఏమేం పట్టుకుంటారో ఫోన్ చేసి కనుక్కున్నాకే వేయండి. ఏం కొనుక్కోవాలో మీరు ఎంచకండి, లోపలున్నవాళ్లనే ఎంచుకోనివ్వండి, కాకపోతే చిల్లీ అని రాసున్న నూడుల్స్‌లో కూడా మాంసం పొడి ఉండొచ్చు, రీఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు, ఆ మాట వాళ్ల చెవిన వేయండి. భోజనం మరీ అన్యాయంగా ఉంటే టెక్సాస్‌లో జైల్ స్టాండర్డ్స్ కమిషన్ అని రాష్ట్ర సంస్థ ఉంది, ఇంట్లోవాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

మావాడు బయటికొచ్చిన రోజు కారెక్కగానే పెరుగన్నం అడిగాడు, డబ్బాలో తీసుకెళ్లాను, మాట్లాడకుండా మొత్తం తిన్నాడు. ఆ 64 డాలర్లకి మూడు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు, బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.