చప్పుడు సరే, వేడిగాలి ఎటు పోతుంది?

బ్రాడీపేటలోని మా అపార్ట్‌మెంట్‌కి 25 కేవీఏ (జనరేటర్ సామర్థ్యానికి కొలమానం) సైలెంట్ జనరేటర్ పెట్టించి నాలుగేళ్ళు దాటింది. కొత్తలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ దాని గురించి తెగ చెప్పాను, పక్కనే నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చని. నిజానికి కాస్త గొంతు పెంచాలి. మీటరు దూరంలో 75 డెసిబెల్స్ వరకు నిబంధనలే ఒప్పుకుంటాయి. అయినా రాత్రిపూట ఎవరికీ నిద్ర చెడదు. అది చాలు.

నా బాధంతా గాలి గురించి. స్థలం కలిసొస్తుందని, ఇంజన్ వేడిని బయటికి వదిలే రేడియేటర్ వైపును ప్రహరీ గోడకి రెండడుగుల దూరంలోకి తోసి బిగించారు. బిగించడానికి వచ్చినవాళ్ళు ఒక్క మాటా అనలేదు. వానల్లో, చలికాలంలో బాగానే నడిచింది. మొదటి రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది, ఇరవై నిమిషాలకి ఆగిపోయింది. మూడో అంతస్తు పిన్నిగారు లిఫ్టులో ఇరుక్కుపోయారు. ఆవిడకి బీపీ. వాచ్‌మన్ పైకెక్కి చేత్తో తిప్పి లిఫ్టు దించేదాకా నా ప్రాణాలు నాలో లేవు.

ప్యానెల్ మీద హై టెంపరేచర్ లైటు. సర్వీసువాళ్ళు ఒకసారి సెన్సర్, ఇంకోసారి థర్మోస్టాట్ మార్చారు. మళ్ళీ అదే వరస. మావాళ్ళు కేనపీ, అంటే జనరేటర్ చుట్టూ చప్పుడు ఆపే పెట్టె, తలుపులు తెరిచి నడిపారు. చప్పుడు వీధంతా, పైగా తిరిగే ఫ్యాను దగ్గరే పిల్లలు. చివరికి ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పనిముట్లేవీ తీయలేదు. గాలి లోపలికి పోయే జాలీ దగ్గర నా చెయ్యి పెట్టించారు. వడగాడ్పులా తగిలింది. "ఇంజన్‌కి ఏ జబ్బూ లేదండీ. వదిలిన వేడినే మళ్ళీ పీల్చుకుంటోంది" అన్నారు.

రేడియేటర్ ముందు కాన్వాస్ పట్టీ, దానికి రేకు డక్ట్ (గాలి గొట్టం) కట్టి, వేడిగాలిని గోడ మీదుగా పైకి తిప్పారు. డక్ట్ నోరు రేడియేటర్ కంటే చిన్నది కాకూడదని మరీ మరీ చెప్పారు. ఆ తర్వాత వేసవిలో రెండున్నర గంటలు ఏకబిగిన నడిచింది. ఆ జాలీకి అడ్డంగా ఇప్పుడు సైకిలు కూడా పెట్టనివ్వను.

పొగ గొట్టం మాత్రం మొదటే డాబా దాటించాం. కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణిస్తే వచ్చేన్ని మీటర్లు బిల్డింగ్ కంటే ఎత్తుండాలి. మాకు ఒక మీటరు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. కింది ఫ్లాటు కిటికీలోంచి పడగ్గదిలోకి వెళ్తే నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియనే తెలియదు. కరెంటు షాక్ కొట్టకుండా జనరేటర్ న్యూట్రల్ తీగకి రెండు, ఇనుప బాడీకి రెండు ఎర్త్ గుంతలు కూడా తీయించాం.

కొనొచ్చా అంటే, మాకు లిఫ్టు, నీళ్ళ మోటారు, మెట్ల లైట్లే కాబట్టి సరిపోయింది. ఏసీలు కూడా నడవాలంటే నా అనుభవం పనికిరాదు. చుట్టూ ఖాళీ ఉన్నవాళ్ళకి మా తంటా రాకపోవచ్చు. సెల్లార్‌లో పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం వేడిగాలికీ పొగకీ విడివిడిగా దారి చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.