మై ఫెయిర్ లేడీ 1956 నాటకం రికార్డు: పద్యనాటకం చెవి ఉన్నవాళ్లకి బాగా ఎక్కుతుంది

ముందే చెప్తున్నా, ఇది న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆడిన ఇంగ్లీషు పాటల నాటకం రికార్డు, సినిమా ఆల్బమ్ కాదు. పాటల యాప్‌లో ఈ పేరు కొడితే మూడు నాలుగు రకాలు వస్తాయి, 1964 సినిమాది తీసుకుంటే అందులో ఆడ్రీ హెప్‌బర్న్ పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ గొంతే. బ్రాడ్‌వేలో ఆ నాయిక వేషం వేసింది జూలీ ఆండ్రూస్, సినిమాకి పెద్ద స్టార్ కావాలని నిర్మాత ఆమెను పక్కన పెట్టాడు. ఆమె పేరు, 1956 అనే ఏడాది రెండూ చూసుకుని నొక్కండి.

నాటకం మార్చి 15న మొదలైంది, అదే నెల 25న, ఆదివారం, కొలంబియా రికార్డు కంపెనీ వాళ్లు మొత్తం జట్టుని న్యూయార్క్‌లో ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియోకి తీసుకెళ్లి రికార్డు చేశారు. ఆ వేడి గొంతుల్లో తెలిసిపోతుంది. ఎదురుగా జనం లేకపోయినా చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలన్నట్టే పాడతారు.

ఇందులో ప్రొఫెసర్ వేషం వేసిన రెక్స్ హారిసన్ అసలు గాయకుడే కాదు, సగం మాట్లాడతాడు సగం పాడతాడు. విజయనగరంలో మా ఇంట్లో పెద్దవాళ్లు విని ‘ఇదేం పాట’ అన్నారు గానీ, రాగాలు తగ్గించి పద్యంలోని భావాన్ని ముందుకు తెచ్చిన మన పద్యనాటకాల పీసపాటి వారి కృష్ణుడిని విన్నవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు, రెండో పాటకల్లా పట్టేస్తారు.

ఇక కథ. పూలమ్మే పిల్ల మాట తీరు మార్చేసి దొరసానిలా నిలబెట్టాలని ఒక ప్రొఫెసర్ పందెం. శ్రీకాకుళం యాస వినపడగానే హాలంతా నవ్వే సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లం కదా, ఆ పిల్ల ప్రొఫెసర్ని మనసులో తిట్టుకుంటూ ‘నీ పని చెప్తా ఉండు’ అన్నట్టు పాడే పాట మనకి తగిలినట్టు ఇంకెవరికి తగులుతుంది? జూలీ ఆండ్రూస్ అక్కడ గొంతుని మోటుగా చేసి, కాసేపటికే రాత్రంతా డాన్స్ చేసేదాన్నే అనే పాటలో పూర్తిగా వేరే మనిషైపోతుంది. మొహం కనపడకుండా గొంతొక్కదానితో ఇంత మార్పు చూపించడం నేనైతే చాలా తక్కువ విన్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. మాటలు దాదాపు తీసేశారు, కాబట్టి కథ తెలియకుండా వింటే మధ్యలో తికమక. బెర్నార్డ్ షా నాటకం పిగ్మేలియన్ కథ ఒకసారి చదువుకుని వినండి. ఆ పిల్ల తండ్రి వేషం వేసిన స్టాన్లీ హాలోవే పాటలు భలే హుషారుగా ఉంటాయి గానీ లండన్ వీధి యాస సగం అర్థం కాదు. పైగా మోనో, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్‌లో ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లో పెడితే వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

1959లో లండన్‌లో ఆ ముగ్గురూ మళ్లీ స్టీరియోలో పాడింది కూడా దొరుకుతుంది. శబ్దం శుభ్రంగానే ఉంటుంది, కానీ అప్పటికి వాళ్లకి అలవాటైపోయింది, ఆ ఆత్రం లేదు. నా ఓటు మోనోకే. ఐదుకి నాలుగున్నర.