కప్పు మీది యాంటెన్నా, రెండేళ్ల తర్వాత

మా క్యారవాన్‌కి పెట్టిన ఖర్చుల్లో మళ్ళీ పెట్టాల్సి వస్తే క్షణం ఆలోచించకుండా పెట్టేది ఒకటే ఉంది. ఫ్రిజ్ కాదు, సోలార్ ప్యానెల్ కాదు, ఏసీ అసలే కాదు. కప్పు మీద బిగించిన యాంటెన్నా. అరచేయంత నల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని నుంచి లోపల ఉన్న రౌటర్‌లోకి (సిమ్ వేస్తే బండంతా వైఫై ఇచ్చే పెట్టె) దిగే రెండు కేబుళ్లు, అంతే. రౌటర్ ఏ మోడల్, ఎంత స్పీడ్, పెట్టెలో ఏమేం వస్తాయి లాంటివి ఏ షాపులో అడిగినా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ డబ్బా నన్ను ఎంత సంతోషపెట్టిందో, ఒక రోజు ఎంత ఏడిపించిందో అదే రాస్తాను.

ముందు మా సంగతి చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయం అంతా దాని మీదే ఆధారపడి ఉంది. మాది విశాఖపట్నం, మధురవాడ. నేను జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాను. క్లయింట్లు ఎక్కువగా అనకాపల్లి, చోడవరం, గాజువాక వైపు వాళ్లు. పిల్లలిద్దరూ చదువులకి వెళ్లిపోయాక 2023లో ఒక పాత ఫోర్స్ ట్రావెలర్ వ్యాను కొని, గాజువాక ఆటోనగర్‌లో క్యారవాన్‌గా మార్పించుకున్నాం. నెలలో పది పన్నెండు రోజులు నేనూ మా ఆవిడా బండిలోనే ఉంటాం. భీమిలి, అరకు, పాడేరు, లంబసింగి, ఎక్కువగా ఈ చుట్టుపక్కలే. తిరగడం కోసం పని మానుకోలేదు. అందుకే నెట్ లేకపోతే మాకు ప్రయాణమే లేదు.

మొదటి ట్రిప్‌లోనే ఒక విషయం అర్థమైంది. విశాఖ ఎండకి తట్టుకోవాలని గోడలకి, కప్పుకి లోపల అల్యూమినియం ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్ షీట్ వేయించాం. వేడి బాగానే ఆగింది, కానీ దాంతోపాటు సిగ్నల్ కూడా ఆగింది. బయటంతా రేకు, లోపలంతా ఫాయిల్. అనంతగిరి ఘాట్‌లో బండి ఆపి, తలుపు బయట నిలబడితే ఫోన్లో మూడు పాయింట్లు, ఒక్క మెట్టెక్కి లోపలికొస్తే సున్నా. రౌటర్ కిటికీ దగ్గర పెట్టి చూశాం, డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి చూశాం, లాభం లేదు. రౌటర్ ఎంత మంచిదైనా డబ్బాలో పెట్టి మూత వేస్తే ఏం చేస్తుంది?

అప్పుడు కప్పు మీదకి యాంటెన్నా వచ్చింది. ఆ మొదటి రోజు నాకింకా కళ్ళ ముందే ఉంది. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటల పక్కన ఆపాం. అంతకుముందు అదే చోట వాట్సాప్ మెసేజ్ కూడా కదల్లేదు. ఈసారి మా ఆవిడ అమ్మాయికి వీడియో కాల్ చేసి, ఫోన్ కిటికీలోంచి బయటికి తిప్పి తోటలన్నీ చూపించింది. కాల్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను పక్కన కూర్చుని రౌటర్ పేజీలో నంబర్లు చూస్తున్నాను.

ఈ నంబర్ల గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే పాయింట్లను నమ్ముకుంటే మోసపోతాం. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని ఒక నంబర్ ఉంటుంది, టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెప్పేది, మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ 80, 85 దగ్గర ఉంటే హాయిగా పని చేసుకోవచ్చు. మైనస్ 105 దాకా ఏదో నడుస్తుంది. 115 దాటితే పేజీ తెరుచుకోవడం కూడా కష్టం. పది తేడా అంటే పది శాతం కాదు, సిగ్నల్ బలం పది రెట్లు తగ్గినట్టు. ఆ రోజు సుంకరిమెట్టలో యాంటెన్నా లేకుండా మైనస్ 117, పెట్టాక మైనస్ 101. అంటే దాదాపు 40 రెట్లు తేడా.

ఇంకో మంచి విషయం మేం ఊహించనిది. ఫోన్లో వైఫై కాలింగ్ ఆన్ చేసి పెడితే, ఫోన్‌కి సొంతంగా సిగ్నల్ లేకపోయినా రౌటర్ నెట్ మీద మామూలు కాల్స్ వచ్చేస్తాయి, మన నంబరే, వేరే యాప్ అక్కర్లేదు. రిటర్న్ వేసేటప్పుడు ఓటీపీ క్లయింట్ ఫోన్‌కి వెళ్తుంది, ఆయన నాకు కాల్ చేసి చెప్పాలి. కాల్ కలవకపోతే నెట్ ఎంత ఉన్నా ఆ పని అక్కడే ఆగిపోతుంది. ఈ ఒక్క సెట్టింగ్ నా టెన్షన్ సగం తగ్గించింది. అయితే ఒక జాగ్రత్త ఉంది. బ్యాంకుకి ఇచ్చిన నంబర్ సిమ్‌ని రౌటర్‌లో పెట్టకండి. ఆ ఓటీపీలు రౌటర్ మెసేజ్ పేజీలోకి వెళ్లి కూర్చుంటాయి, అక్కడికి వెళ్లి వెతుక్కునేలోపు టైమ్ అయిపోతుంది.

ఇక 2024 డిసెంబరు 20 సంగతి.

నెల నెలా 20వ తేదీ అంటే మాకు పరీక్ష రోజు, జీఎస్టీఆర్ 3బీ అనే నెలవారీ రిటర్న్ వేయడానికి ఆఖరి గడువు. దాటితే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. డబ్బు ఎంత అన్నది కాదు, నన్ను నమ్మి పని అప్పగించిన మనిషికి నా వల్ల ఫీజు పడితే నేను తట్టుకోలేను. అంతకుముందు మూడు వారాలు భీమిలి వైపు సముద్రం పక్కనే బండి పెట్టుకుని ఉన్నాం. 19న నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కాం. రాత్రి నెట్ చూసుకున్నాను, మైనస్ 103. ఐదు రిటర్న్‌లు మిగిలాయి, పొద్దున్నే లేచి వేసేద్దాం అనుకుని పడుకున్నాను.

పొద్దున ఆరింటికి లేస్తే అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, బయట నాలుగడుగుల దూరం కనిపించడం లేదు. లాప్‌టాప్ తెరిచాను, పేజీ రాలేదు. రౌటర్‌లో చూస్తే మైనస్ 119. ఆపి ఆన్ చేశాను, సిమ్ తీసి తుడిచి పెట్టాను. రెండో కంపెనీ సిమ్ వేశాను, అదీ అంతే. టీ కొట్టు ఆవిడ, "ఈ మంచులో ఫోన్లు పలకవు బాబూ, ఎండొచ్చినాక చూసుకో" అంది. నాకూ ఒక నిమిషం అదే నిజమనిపించింది. కానీ మొబైల్ సిగ్నల్‌కి పొగమంచు అంత అడ్డం కాదు. పైగా తలుపు బయట నా ఫోన్లో నెట్ బాగానే వస్తోంది. అంటే టవర్ తప్పు కాదు, మంచు తప్పూ కాదు, మా బండిలోనే ఏదో ఉంది.

అప్పుడు రౌటర్ వెనకాల ఉన్న రెండు కేబుళ్లనీ ఒకదాని చోట ఒకటి మార్చి బిగించాను. నంబర్ మైనస్ 107కి వచ్చింది. దాంతో సగం తెలిసిపోయింది, ఒక కేబుల్ పని చేస్తోంది, ఇంకోటి చచ్చిపోయింది. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాను. రేకు మీద చేయి పెడితే మంచుగడ్డలా ఉంది. యాంటెన్నా తోకకి, కిందికి దిగే కేబుల్‌కి మధ్య ఒక జాయింట్ ఉంది. దాని మీద బిగించినతను మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాడు. టేపు విప్పుతుంటే లోపల్నుంచి నీటి చుక్క నా వేలి మీద పడింది. మర తిప్పి విడదీశాను. ఇత్తడి రంగు ఉండాల్సిన చోట అంతా పచ్చగా, గుల్లగా చిలుము. నడిమి పిన్ను, సూది మొనంత ఉంటుంది, అది కూడా పచ్చబడిపోయింది. పాత రాగి చెంబు అడుగున చింతపండు పెట్టి తోమేవాళ్లం చూడండి, అచ్చం ఆ చిలుమే.

మూడు వారాల సముద్రపు గాలి టేపు సందుల్లోంచి ఉప్పుని లోపలికి చేర్చింది. ఉప్పుకి తేమని పట్టి ఉంచే గుణం ఉంది. ఆ రాత్రి మంచు కూడా తోడయ్యేసరికి జాయింట్ పూర్తిగా తడిసిపోయింది. నీళ్లు రాకూడదని చుట్టిన టేపే వచ్చిన నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచింది.

మా ఆవిడ కింద నుంచి గాజులకి ఉన్న పిన్నీసు తీసి అందించింది. కోవిడ్ రోజుల నాటి స్పిరిట్ శానిటైజర్ సీసా ఒకటి బండిలో ఇంకా ఉంది, అదీ ఇచ్చింది. పిన్నీసు మొనతో మర సందుల్లో చిలుము గీకాను. నడిమి పిన్నుని మాత్రం గీకలేదు, వంగితే ఇక అంతే. గుడ్డ పీలిక శానిటైజర్‌లో ముంచి దాన్ని నెమ్మదిగా తుడిచాను. పీలిక పచ్చగా వచ్చిన ప్రతిసారీ ఇంకోటి. నాలుగోది తెల్లగా వచ్చింది. ఎండ వచ్చాక అరగంట ఆరనిచ్చి, మళ్ళీ బిగించి కిందికి దిగి చూస్తే మైనస్ 104. పదకొండున్నరకి ఐదో రిటర్న్ వెళ్లిపోయింది. చోడవరంలో హార్డ్‌వేర్ షాపు నడిపే పెద్దాయన ఓటీపీ చెప్పి, "ఏటి మాస్టారూ, ఇవాళ గొంతు అలసినట్టుంది" అన్నాడు.

తిరిగొచ్చాక ఆ పని సరిగ్గా చేయించాను. జాయింట్‌ని కప్పు మీంచి లోపలికి మార్పించాను, బయట ఇప్పుడు జాయింటే లేదు. కేబుల్ రేకులోకి దూరే ముందు కొంచెం కిందికి వంగి మళ్ళీ పైకి లేచేలా పెట్టించాను, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి రావు. రంధ్రం చుట్టూ సాగదీసి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు వేశాం, గుండ్రంగా సిలికాన్ పూశాం. కేబుల్ పొడవు కూడా తగ్గించాను. మొదట పది మీటర్ల సన్న కేబుల్ వేశారు, మిగిలింది చుట్ట చుట్టి సీటు కింద పడేశారు. ఆ రకం సన్న కేబుల్‌లో మీటరుకి ఒక డెసిబెల్ పైనే పోతుంది, అంటే రౌటర్ నంబర్‌లో ఒకటి తగ్గినట్టు. యాంటెన్నా పైన తెచ్చింది దారిలోనే కారిపోతోందన్నమాట. ఇప్పుడు మూడు మీటర్ల లావు కేబుల్. ఆ తర్వాత వర్షాకాలం అంతా భీమిలిలోనే గడిపాం, ఇబ్బంది రాలేదు.

మొదట్లో ఈ యాంటెన్నా గురించి కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అప్పుడు చెప్పిన వాటిలో కొన్ని ఇప్పుడు సరిచేసుకోవాలి. టవర్ లేని చోట ఇది ఏమీ చేయదు. పాడేరు దాటాక కొన్ని లోయల్లో కొండే అడ్డం, ఎన్ని యాంటెన్నాలు పెట్టినా అంతే. అక్కడ పెద్ద తేడా తెచ్చింది మా డబ్బా కాదు. 2025 జనవరిలో డిజిటల్ భారత్ నిధి అనే ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల దగ్గర ఒక కంపెనీ సిమ్‌తో ఇంకో కంపెనీ 4జీ వాడుకునే ఏర్పాటు మొదలైంది. రౌటర్‌లో రోమింగ్ ఆన్ చేసి పెట్టుకున్నాక ఏజెన్సీ ఊళ్లలో ఒకటి రెండు చోట్ల అంతకుముందు రాని నెట్ వచ్చింది.

ఊళ్ళో అయితే యాంటెన్నా అక్కర్లేదు. మధురవాడలో నా ఫోన్ 5జీ మీద రౌటర్ కంటే నాలుగైదు రెట్లు వేగంగా పోతుంది, మా రౌటర్ 4జీదే కదా. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ దగ్గర నంబర్ మైనస్ 75 చూపిస్తుంది, పేజీ మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అంతమంది ఒకేసారి వాడుతుంటే టవర్ ఎంతని పంచుతుంది? శని, ఆదివారాల్లో అరకు కూడా అంతే. ఇంకొకటి, ప్లాన్‌లో ఇచ్చిన రోజువారీ 2 జీబీ అయిపోతే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. చాలామంది దాన్ని సిగ్నల్ సమస్య అనుకుని యాంటెన్నాని తిడతారు. ముందు డేటా చూసుకోండి.

సిగ్నల్ బూస్టర్ పెట్టుకోమని ఒక షాపులో నాకు గట్టిగా చెప్పారు. యాంటెన్నా వేరు, బూస్టర్ వేరు. యాంటెన్నా ఉన్న సిగ్నల్‌ని అందుకుంటుంది, అంతే. బూస్టర్ దాన్ని పెంచి మళ్ళీ గాల్లోకి వదులుతుంది. లైసెన్స్ లేకుండా బూస్టర్ పెట్టడం మన దేశంలో నేరం, పైగా అది చుట్టుపక్కల అందరి ఫోన్లనీ చెడగొడుతుంది. దయచేసి కొనకండి.

రెండు కంపెనీల సిమ్‌లు మాత్రం తప్పనిసరి అంటాను. ఈ పట్టుదల హుద్‌హుద్ తుపాను నాటిది. 2014 అక్టోబరు 12 తర్వాత ఫోన్ మోగక, ఊళ్ళో ఉన్న అమ్మ ఎలా ఉందో తెలియక గడిపిన రోజులు నేను మర్చిపోలేదు. ఆ రోజు నుంచి ఒకే కంపెనీ మీద ఆధారపడలేదు.

ఇది మీకు పనికొస్తుందా అంటే, నెలకి ఒకసారి అరకు వెళ్లొచ్చేవాళ్లకి అక్కర్లేదు. రెండు సిమ్‌ల ఫోన్ చాలు, సిగ్నల్ కావాలంటే కిందికి దిగి నిలబడండి. ఫాయిల్ ఇన్సులేషన్ లేని బండి అయితే ముందు రౌటర్ ఒక్కటే పెట్టి ఒక ట్రిప్ వెళ్లి చూడండి. బండిలోంచే ఉద్యోగం చేసుకునేవాళ్లయితే కొనండి, కానీ బిగించే రోజు పక్కనే నిలబడి జాయింట్ కప్పు మీద రాకుండా చూసుకోండి. మాలాగా సముద్రం పక్కన ఎక్కువ ఉండేవాళ్లయితే ఆరు నెలలకి ఒకసారి కనెక్టర్లు విప్పి చూడాలి. నేను మొన్ననే చూశాను, పిన్ను ఇంకా తళతళలాడుతోంది. వచ్చే నెల 18న లంబసింగి వెళ్తున్నాం, శానిటైజర్ సీసా కొత్తది పెట్టాను.