వీక్లీ రిపోర్టులో ఏ1, బడిలో 80కి 31: టెన్త్ ఆన్‌లైన్ ప్యాకేజీలతో జాగ్రత్త

పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, వచ్చే ఏడాది టెన్త్‌కు వచ్చే పిల్లలున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది హనుమకొండ. మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం చదువుతోంది. మొన్న జూన్‌లో 66 వేలకు ఒక ఆన్‌లైన్ ట్యూషన్ ప్యాకేజీ కొన్నాం. డబ్బు పోయిన బాధ ఉంది. దానికి మించిన బాధ ఏమిటంటే, ఐదు నెలల పాటు పిల్ల బాగా చదువుతోందనుకుని నేను నిశ్చింతగా ఉండిపోవడం. టెన్త్‌లో ఐదు నెలలంటే సగం ఏడాది.

బడి తెరిచిన మొదటి వారంలోనే ఆ ట్యూషన్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పాప పేరు, బడి పేరు, తరగతి అన్నీ వాళ్లకు ముందే తెలుసు. ఆదివారం ప్యాకేజీ అమ్మడానికి ఒకబ్బాయి ఇంటికొచ్చాడు. పాతికేళ్లుంటాయేమో, మంచి మాటకారి. కూర్చోగానే టాబ్‌లో పాపకు పది ప్రశ్నల టెస్ట్ పెట్టాడు. నాలుగు తప్పాయి. "పాప తెలివైనదే అన్నా, బేసిక్స్ లేవు. ఇట్లనే పోతే మార్చిలో కష్టమైతది" అన్నాడు. అదీ పాప ముందే. దాని ముఖం ఇంత చిన్నదైపోయింది. నేను అక్కడే సగం ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వేసవి సెలవుల తర్వాత మొదటి వారంలో ఏ పిల్లకైనా పదిలో నాలుగు తప్పుతాయి.

మిగతా సగం ఒప్పించింది ఇంటర్నల్ మార్కుల మాట. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వీధిలోనే ఇంకో ఇద్దరికి ఇదే మాట చెప్పి అమ్మారు. తెలంగాణలో టెన్త్‌కు ప్రతి సబ్జెక్టులో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. కరోనా వచ్చిన 2020లో మూడు పేపర్లు అయ్యాక పరీక్షలు ఆగిపోయాయి, చివరికి రద్దు చేసి ఇంటర్నల్స్‌ను బట్టే గ్రేడ్లు ఇచ్చారు. 2021లోనూ అంతే. ఆ ఏడాది రెండు లక్షల మందికి పైగా పిల్లలకు 10 జీపీఏ వచ్చింది. మా అన్నయ్య కొడుకు ఆ బ్యాచే, కాబట్టి నాకు బాగా గుర్తు. ప్యాకేజీ అమ్మడానికి వచ్చిన అబ్బాయి సరిగ్గా ఈ మాటే ఎత్తుకున్నాడు. "చూసిన్రు కదన్నా, ఆన్‌లైన్ పిల్లలకే అప్పుడు లాభమైంది. మా యాప్ రిపోర్టు బడిలో చూపిస్తే ఇంటర్నల్స్‌కు కలుపుతరు" అన్నాడు.

అది పచ్చి అబద్ధం. ఇంటర్నల్స్ వేసేది బడిలో పాఠం చెప్పే టీచరే. ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే బడిలో పెట్టే చిన్న పరీక్షలు) పెడతారు. ఒక్కో దాంట్లో పిల్లల భాగస్వామ్యానికి ఐదు, రాత పనికి ఐదు, ప్రాజెక్టుకు ఐదు, స్లిప్ టెస్టుకు ఐదు మార్కులు. బయటి యాప్‌లో వచ్చిన మార్కులకు ఇందులో చోటే లేదు. 2024 నవంబరులో ఇంటర్నల్స్ ఎత్తేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించి, వెంటనే ఆ నిర్ణయాన్ని ఆ ఏడాదికి ఆపింది, తర్వాత కూడా ఇంటర్నల్స్‌నే కొనసాగించింది. ఆ గందరగోళంలో అసలు పద్ధతి ఏమిటో నాలాంటివాళ్లకు సరిగ్గా తెలియలేదు. తెలియని చోటే వాళ్లు అమ్ముకుంటున్నారు. ఒక్కసారి బడికి వెళ్లి క్లాస్ టీచర్‌ను అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నేను అడగలేదు.

లోన్ సంగతి. ముందు 6 వేలు కట్టించుకున్నారు, మిగతా 60 వేలు నెలకు 3 వేల చొప్పున 20 నెలలు. "ఇది లోన్ కాదన్నా, ఫీజు వాయిదాలు" అని ఆధార్, పాన్ ఫొటోలు తీసుకున్నాడు. నా ఫోన్‌కు మూడుసార్లు ఓటీపీ వచ్చింది, మూడూ చెప్పాను. మెయిల్ ఓపెన్ చేసి చూస్తే తెలిసేది, ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద 60 వేల లోన్ ఇచ్చింది. ఆ డబ్బు ట్యూషన్ కంపెనీకి వెళ్లిపోయింది, ప్రతి నెలా ఐదో తారీఖున నా ఖాతాలో కోత నాకు మిగిలింది. ట్యూషన్ వాళ్లు పాఠాలు చెప్పినా మానేసినా ఆ కోత ఆగదు. ఆపితే చెక్ బౌన్స్ అయినట్టే చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు పోతుంది.

15 రోజుల్లో వద్దనుకుంటే పూర్తి రిఫండ్ అన్నారు. ప్యాకేజీతో ఇచ్చే టాబ్ పదకొండో రోజున వచ్చింది. 15 రోజుల లెక్క మాత్రం డబ్బు కట్టిన రోజు నుంచే. పైగా టాబ్ సీలు తీస్తే రిఫండ్ లేదట, సీలు తీయకుండా పాఠం ఎట్లా ఉందో చూసేదెట్లా?

సరే, పాఠాలు మొదలయ్యాయి. సాయంత్రం బడి నుంచి వచ్చి, ఏడింటి నుంచి పది దాకా టాబ్ ముందే. కేంద్రం 2020లో ఆన్‌లైన్ చదువులకు ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజుకు నాలుగు సెషన్లు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని రాసి ఉంది. అది కూడా బడి మొత్తం ఆన్‌లైన్‌లో నడిచిన రోజుల్లో. మా పిల్ల బడిలో పొద్దంతా కూర్చుని వచ్చి మళ్లీ మూడు గంటలు కూర్చునేది. లైవ్ క్లాస్ అంటారు గానీ పిల్లల మైకులన్నీ మ్యూట్‌లోనే. డౌట్ అడగాలంటే చాట్‌లో టైప్ చేయాలి. దానికి మర్నాడు సాయంత్రం ఒక వీడియో లింకు వచ్చేది. పాప అడిగింది ఒకటి, వీడియోలో ఉండేది ఇంకోటి.

ప్రతి ఆదివారం పొద్దున నా ఫోన్‌కు రిపోర్టు వచ్చేది. పచ్చ రంగు గీతలు, నక్షత్రాలు, మ్యాథ్స్‌లో 94 శాతం, ఏ1. ఒక వారం "మీ పాప టాప్ 5 శాతంలో ఉంది" అని వస్తే మా ఆవిడ వాళ్ల అక్కావాళ్లకు కూడా పంపింది. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు కాబట్టి ఇంట్లో అప్పుడే దాని గురించి మాటలు మొదలయ్యాయి. పాప కూడా పెట్టెలు, హాస్టలు అంటూ లెక్కలు వేసుకుంది.

దసరా సెలవుల తర్వాత బడిలో ఎస్ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే అర్ధ సంవత్సర పరీక్ష) జరిగింది. మ్యాథ్స్‌లో 80కి 31. పాస్‌కు 28 కావాలి. పేపరు ఇంటికి తెచ్చి బ్యాగులోనే పెట్టేసుకుంది, రెండు రోజుల తర్వాత వాళ్లమ్మ చూసింది. నేను ఆ పేపరు పట్టుకుని బడికి వెళ్లాను. లెక్కల సార్ నన్ను కూర్చోబెట్టి ఒక్కటే చూపించారు. పేపర్లో 20 మార్కులు బిట్లు, 60 మార్కులు రాత. పాపకు బిట్లలో 16 వచ్చాయి. రాతలో 60కి 15. "చూడండి, పిల్లకు జవాబు తెలుసు. జవాబు దాకా నడిచే దారి రాయడం రావట్లేదు. ఇంట్లో ఏదన్నా టిక్కులు పెట్టే ప్రాక్టీసు చేయిస్తున్నారా?" అని అడిగారు. ఆయనకు ప్యాకేజీ గురించి నేను అప్పటికి చెప్పనే లేదు.

ఆ రాత్రి పాప పక్కన కూర్చున్నాను. సరూప త్రిభుజాల పాఠంలో ప్రాథమిక అనుపాత సిద్ధాంతం తీశాను. టాబ్‌లో దాని మీద ప్రశ్న వస్తే నాలుగు సెకన్లలో సరైన ఆప్షన్ నొక్కింది. నోట్‌బుక్ ఇచ్చి అదే సిద్ధాంతం నిరూపించమన్నాను. త్రిభుజం గీసింది. భుజానికి సమాంతరంగా గీత గీసింది. ఏ, బీ, సీ పేర్లు పెట్టింది. దత్తాంశం అని రాసి ఆగింది. పెన్ను క్యాప్ పెడుతూ తీస్తూ పది నిమిషాలు అట్లాగే కూర్చుంది. "డాడీ, దీంట్లో రాయమని ఎప్పుడూ అడగలేదు" అంది. ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది.

మరి రాత అసైన్‌మెంట్లకు 9, 10 మార్కులు ఎట్లా వచ్చాయి? వారానికొకటి నోట్‌బుక్‌లో రాసి ఫొటో తీసి అప్‌లోడ్ చేయాలి. "మా ఎక్స్‌పర్ట్ టీచర్లు దిద్దుతారు" అని చెప్పి అమ్మిందే అది. పాప తల దించుకుని ఒక సంగతి చెప్పింది. ఆగస్టులో ఒకసారి పొరపాటున మ్యాథ్స్ బదులు తెలుగు పద్యం రాసిన పేజీ అప్‌లోడ్ అయిందట. దానికి 9 వచ్చాయి, "వెరీ గుడ్, స్టెప్స్ ఇంకా క్లియర్‌గా రాయి" అని వ్యాఖ్య కూడా వచ్చింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ వారం అసైన్‌మెంట్‌కు నేనే గీతల కాగితం, ఒక్క అక్షరం లేని పేజీ ఫొటో తీసి పంపాను. పదికి ఎనిమిది. మళ్లీ అదే వ్యాఖ్య.

అంటే ఆ పేజీలు ఎవ్వరూ చూడలేదు. వీడియో చివరిదాకా నడిస్తే మార్కు, టైముకు ఫొటో పెడితే మార్కు, బిట్టు తప్పితే మళ్లీ మళ్లీ నొక్కే అవకాశం ఇచ్చి చివరి మార్కే లెక్క. ఇవన్నీ కలిపితే వచ్చింది ఆ ఏ1. పిల్లను కొట్టినా తిట్టినా ఇంత పాపం కాదు, రానిదాన్ని వచ్చిందని నమ్మించారు చూడండి, అది పాపం. పిల్ల ఐదు నెలలు నిజంగా కష్టపడింది. ఇప్పుడు బడిలో 31 చూసుకుని తనకే తెలివి లేదనుకుంటోంది.

నవంబరులో క్యాన్సిల్ చేయమని అడిగితే మొదట ఫోన్ ఎత్తలేదు, తర్వాత ఎత్తిన ప్రతివాడూ "పై టీమ్‌కు చెప్తాను సార్" అన్నాడు. ఇంటికొచ్చిన అబ్బాయి మానేశాడట. నేను మాటలు ఆపి కాగితాలు మొదలుపెట్టాను. ఖాళీ పేజీకి ఎనిమిది మార్కులు వచ్చిన స్క్రీన్‌షాట్, తెలుగు పద్యానికి 9 వచ్చిన స్క్రీన్‌షాట్, రిఫండ్ గురించి వాట్సాప్‌లో వాళ్లు రాసిన మాటలు, అన్నీ మెయిల్‌లో పెట్టాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అదే రోజు ఫైనాన్స్ కంపెనీకి కూడా విడిగా రాతపూర్వక ఫిర్యాదు పంపాను. వాళ్లు 30 రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, దాని వివరాలకు 14448కు ఫోన్ చేయాలి. అక్కడిదాకా పోకుండానే మూడో వారంలో ట్యూషన్ కంపెనీ నుంచి మనిషి మాట్లాడాడు. టాబ్ వెనక్కిస్తే మిగిలిన 15 వాయిదాలు రద్దు చేస్తామన్నారు. కట్టిన 21 వేలు మాత్రం ఇవ్వరట. వాటి కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా అని ఆలోచిస్తున్నాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ల గడువు ఉంది. మార్చి పరీక్షలు అయ్యాక చూస్తాను, ఇప్పుడు ఇంట్లో ఇంకో టెన్షన్ వద్దు.

కొనాలనుకునేవాళ్లు దయచేసి వాళ్ల పాఠాల వీడియో చూసి మోసపోకండి, వీడియోలు బాగానే ఉంటాయి. మా పిల్ల రాసిన జవాబు ఎవరు దిద్దుతారు అని అడగండి. దిద్దిన పేజీ ఒకటి చూపించమనండి, ఎక్కడ మార్కు తగ్గించారో, ఎందుకు తగ్గించారో అందులో కనపడాలి. చూపించలేకపోతే లేచి టీ ఇచ్చి పంపించేయండి. కొనేసినవాళ్లు ఈ ఆదివారమే నేను చేసినట్టు ఒక ఖాళీ పేజీ పెట్టి చూడండి. యాప్ మార్కులు పక్కన పెట్టి, బడిలో ఎఫ్ఏ స్లిప్ టెస్టు పేపర్లు అడిగి తెప్పించుకోండి. 2025 నుంచి తెలంగాణలో మెమో మీద మార్కులు కూడా వేస్తున్నారు, గ్రేడు చాటున దాక్కోవడానికి లేదు.

ఓటీపీ చెప్పేముందు అది దేనికో మెసేజ్ పూర్తిగా చదవండి. యాప్‌ల ద్వారా ఇచ్చే లోన్లకు రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో నిబంధనలు పెట్టింది. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం మనకు ఇవ్వాలి, అందులో వడ్డీ, మొత్తం ఖర్చు, లోన్ వద్దనుకుంటే జరిమానా లేకుండా బయటపడే గడువు ఉంటాయి. ఆ గడువు చాలా తక్కువ, అందుకే మెయిల్ వచ్చిన రోజే చూడాలి. ఖాతా నుంచి తనంతట తాను డబ్బు కోసుకునే ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యా శాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులకు చెప్పింది. నాకు ఆ సంగతి నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

పాఠాలు మళ్లీ వినాలంటే డబ్బే పెట్టక్కర్లేదు. మన టెక్స్ట్‌బుక్ పాఠాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కేంద్రం వాళ్ల దీక్ష యాప్‌లో వీడియోలు వస్తాయి, రాష్ట్ర ప్రభుత్వ పాఠాల చానల్ టీ-శాట్‌లో కూడా మన సిలబస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. వినడానికి అవి చాలు. రాసింది చూసి దిద్దే మనిషి కోసమైతే డబ్బు పెట్టొచ్చు. మా పాపను ఇప్పుడు రెండు వీధుల అవతల రిటైరైన ఒక లెక్కల టీచరమ్మ దగ్గరికి పంపుతున్నాం. ఎనిమిది మంది పిల్లలు, నేల మీద చాప, రోజుకు రెండు లెక్కలే. మొదటి రోజు పాప నోట్‌బుక్ నిండా ఎర్ర పెన్నే. "ఇక్కడ కారణం రాయలేదు కదమ్మా" అని నాలుగు చోట్ల రాసి పంపారు.

టాబ్ అట్టపెట్టెలో సిద్ధంగా ఉంది, సోమవారం కొరియర్ వస్తుంది. చార్జర్, పెన్ను, సీరియల్ నంబరు కనిపించేలా ప్యాక్ చేస్తూ వీడియో తీశాను, ఇచ్చేటప్పుడు రసీదు తీసుకుంటాను. ఆ తర్వాత లోన్ ముగిసినట్టు ఫైనాన్స్ కంపెనీ నుంచి లెటర్ రావాలి, అది చేతికి వచ్చేదాకా ఐదో తారీఖున ఖాతా చూస్తూనే ఉండాలి. ఇదే పరిస్థితిలో ఎవరైనా ఉంటే చెప్పండి, నేను పంపిన ఫిర్యాదు మెయిల్ పేర్లు తీసేసి ఇస్తాను.