పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్: ఒకటి కలపాలా, జత మార్చాలా?

విజయనగరం, శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు చాలామంది, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ ల్యాప్‌టాప్‌లనే కొంటున్నారు. మంచి పనే. బాడీ గట్టిది, కీబోర్డు హాయిగా ఉంటుంది. చిక్కల్లా 4 జీబీ ర్యామ్‌తోనే. క్రోమ్ పక్కన యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మౌస్ కూడా కదలదు. వెంటనే ఇంట్లో టెన్షన్, కొత్తది కొనాలేమోనని. చాలాసార్లు ఆ అవసరం రాదు.

ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. మెమరీ ఖాళీగానే ఉండి డిస్క్ మాత్రం నూరు శాతం దగ్గర ఆగిపోతే, లోపల పాత హార్డ్ డిస్క్ ఉండే అవకాశమే ఎక్కువ. అదే అయితే డబ్బు ఎస్ఎస్‌డీకే (హార్డ్ డిస్క్ బదులు వేసే, దానికంటే వేగమైన స్టోరేజ్) పెట్టాలి. రెండూ నిండిపోతుంటే మాత్రం తొందరపడొద్దు. ర్యామ్ చాలక విండోస్ డిస్క్‌ని వాడుకుంటున్నప్పుడు కూడా డిస్క్ అలాగే నిండుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఎస్ఎస్‌డీకి. ఎస్ఎస్‌డీ ఎప్పుడో వేసి ఉంటే ర్యామ్‌కే.

ర్యామ్ అనుకున్నాక రెండు దారులు. ఉన్న 4 జీబీ పక్కన ఖాళీ స్లాట్‌లో 8 జీబీ పెట్టి 12 చేసుకోవడం ఒకటి. ఉన్నది తీసేసి 8 జీబీలు రెండు వేయడం ఇంకొకటి. దుకాణాల్లో "రెండూ ఒకేలా లేకపోతే పని చేయవు" అంటారు. అది నిజం కాదు. సైజులు వేరైనా పని చేస్తాయి. ఇంటెల్ మెషీన్లలో రెండు వైపులా సమానంగా ఉన్నంత మేర జంటగా నడుస్తాయి, మిగిలింది విడిగా నడుస్తుంది. స్పీడ్లు వేరైతే రెండూ తక్కువ స్పీడుకే దిగుతాయి, అంతే. కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, గ్రూప్స్ ప్రిపరేషన్‌కి 12 జీబీ బాగా సరిపోతుంది. అందుకే చాలామందికి నేను మొదటి దారే చెబుతాను. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) నడపాల్సిన వాళ్లకి మాత్రం 16 జీబీకి తక్కువ వద్దు. గూగుల్ కూడా అదే కనీసమంటోంది. 8 జీబీ ముందే ఉన్నవాళ్లు ఇంకో 8 కలిపితే చాలు.

అసలు జాగ్రత్త స్లాట్ దగ్గర. థింక్‌ప్యాడ్ ఎక్స్250లో ఉన్నది ఒక్కటే స్లాట్, కాబట్టి పక్కన కలపడమనే మాటే లేదు. ఉన్నది తీసి పెద్దది వేయాలి. టీ480లో డీడీఆర్4 (డీడీఆర్3 తర్వాత వచ్చిన ర్యామ్ రకం) స్లాట్లు రెండున్నాయి. ఎక్స్1 కార్బన్‌లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. దాన్ని మార్చలేరు, కొనేముందే చూసుకోవాలి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 ఎక్కదు, గాటు ఉండే చోటే వేరు. డీడీఆర్3లోనూ 1.5 వోల్టులది, 1.35 వోల్టుల 'ఎల్' రకమని రెండున్నాయి. లోపలున్న దాని స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటే ఆ ఎల్ రకమే అడగండి. ఆ స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్తే సగం గందరగోళం పోతుంది.

ఇంకో మాట. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ దాదాపుగా 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు, ఆ తర్వాతి వాటికే ఇస్తోంది. టీ480 లాంటి 8వ తరం మెషీన్‌కి 16 జీబీ పెట్టినా డబ్బు వృథా కాదు. 4వ, 5వ తరం వాటికి చౌకగా ఒక పాత ర్యామ్ స్టిక్ దొరికితే వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెట్టుకోవడమే మేలు.

పాత స్టిక్ కొంటే నాలుగు రోజుల్లో మార్చుకునే మాట ముందే తీసుకోండి. బిగించేటప్పుడు ఛార్జర్ తీసి, లోపలి బ్యాటరీని కూడా విడదీయాలి. తర్వాత ర్యామ్‌లో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్86ని ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ చూపినా, మొహమాటపడకుండా తెల్లారగానే వెనక్కిచ్చేయండి.