చిన్న షాపుకి పీఎఫ్ పనికొస్తుందా? 2018 నుంచి కడుతున్నా, చెప్తా

బాలానగర్‌లో మాది చిన్న మెషినింగ్ షాపు, మనుషులు ఎప్పుడూ 20 లోపే. 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి, అంతకు తక్కువైతే పనివాళ్లలో ఎక్కువమంది ఒప్పుకున్నాక మనంతట మనమే చేరొచ్చు. మేం అలాగే చేరాం. చేరినంత సులువుగా మానుకోలేం, కాబట్టి ఆర్డర్లు బాగున్న నెలలో ఊపు మీద నిర్ణయం తీసుకోకండి.

బేసిక్ 15,000 ఉన్న మనిషికి 12 శాతం, అంటే 1,800 జీతంలో కట్ అవుతుంది, మనమూ అంతే వేస్తాం. అయితే మన వాటాలో 1,250 పెన్షన్‌కి పోయి 550 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్ చూసుకుని "సార్, మీది తక్కువేశారేంటి" అని ప్రతి కొత్త కుర్రాడూ అడుగుతాడు, మొదటి రోజే కాగితం మీద లెక్క వేసి చూపిస్తే గొడవ ఉండదు. ఇన్సూరెన్స్‌కి, అడ్మిన్ ఛార్జీలకి చెరో అర శాతం అదనం, అదీ మనదే.

కార్పొరేట్ ఎన్‌పీఎస్ (కంపెనీ ద్వారా కట్టే జాతీయ పెన్షన్ పథకం, డబ్బు మార్కెట్‌లో పెడతారు) కూడా చూశాం. కొత్త పన్ను విధానంలో యజమాని వేసేదాని మీద బేసిక్‌లో 14 శాతం దాకా మినహాయింపు ఉంది, మా డిజైన్ ఇంజనీరుకి అది నచ్చింది. అసలు పన్నే కట్టని లేత్ ఆపరేటర్‌కి దాంతో ఏం పని? అతనికి కావాల్సింది చెల్లెలి పెళ్లికో ఇంటికో మధ్యలో కొంత తీసుకునే వీలు, అది పీఎఫ్‌లో ఉంది. పైగా పీఎఫ్ వడ్డీ 2023-24కి 8.25 శాతం, మార్కెట్ పడిందన్న టెన్షన్ లేదు. అందరూ పెద్ద జీతాల వాళ్లే ఉన్న ఆఫీసైతే నేనూ ఎన్‌పీఎస్ వైపే చూసేవాణ్ణి.

అసలు తలనొప్పి పేర్లతో. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క పొడి అక్షరం, పదో తరగతి మెమోలో ఇంకోలా! పాత కంపెనీ వాళ్లు మానేసిన తేదీ ఎక్కించకుండా వదిలేసిన కేసులు వేరే. చేర్చుకునే రోజే ఇవన్నీ సరిచూడాలి, లేకపోతే ఎప్పుడో మానేసిన మనిషి క్లెయిమ్ రిజెక్ట్ అయిందని మళ్లీ మన గేటు దగ్గరికే వస్తాడు, అప్పుడు అతనికి కోపం మన మీదే.

మొదట్లో పీఎఫ్ పని ఒక కన్సల్టెంట్‌కి అప్పగిస్తే నెలనెలా కట్టాల్సిన 15వ తేదీ గడువు దాటించేవాడు, 12 శాతం వడ్డీ, దాని పైన పెనాల్టీ మేం కట్టుకున్నాం, అతను ఫీజు మాత్రం ఠంచనుగా తీసుకున్నాడు. ఇప్పుడు మా అకౌంటెంటే జీతాల లెక్కతో పాటు చలానా కూడా చేసేస్తోంది.